మంచె మీద దుర్భిణి

రాఘవయ్య గారి తోట,
నూజివీడు,
ఏప్రిల్ 3.

ఒరేయ్ జోజీ,

ఇందుమూలముగా నూజివీడు చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్ల ప్రజలకు, వారి గేదెలకు, ఆ గేదెల మీద వాలు కాకులకు తెలియజేయునది ఏమనగా: నేటి ఉదయం ఆరు గంటల నుండి యలమంద అను నేను టీలో పంచదార మానివేసితిని. దీనిపై అభ్యంతరములున్న వారు పదిహేను రోజుల లోపు పంచదారతో సహా మా మంచె వద్దకు వచ్చి తెలుపుకొనవలెను. గడువు దాటి వచ్చినచో పంచదార పుచ్చుకొని అభ్యంతరము తిరస్కరించబడును.

ఇక అసలు సంగతి. నీ చెవులు తుపాకుల మోతకు పోయాయి. నీ చేతిలో ఉన్నది బటన్ ఫోను. మీ సుసన్నా ఫోనుకు పంపుదామంటే ఇది నీ కూతురు చదవాల్సింది కాదు. అందుకే ఉత్తరం. చదివి పొయ్యిలో పెట్టు.

మా షావుకారు రాఘవయ్య గారు నీకు తెలుసుగా. ఊళ్లో కిరాణా కొట్టు, ఇక్కడ నేను కాపలా కాసే ముప్పై ఎకరాల మామిడి. ఆయన దగ్గర లైసెన్సు రివాల్వరు ఒకటుంది. ఇన్నేళ్లలో దాన్ని పేల్చింది ఒక్కసారే, అది కూడా దసరాకి ఆయుధపూజలో, నోటితో ‘ఢాం’ అని. ఉగాదికి ముందు నుంచి తోటలో ఒక అడవిపంది తిరుగుతోంది. ఒంటికోరది. దూడంత ఉంటుంది. కొత్తగా నాటిన మామిడి అంట్ల మొదళ్లన్నీ తవ్వి పోసింది. దాని అడుగులు షావుకారుకి చూపించాను. అప్పటినుంచి మనిషి కొట్టు వదిలేసి మంచె ఎక్కి కూర్చుంటున్నాడు.

ఆయన మేనల్లుడు తరుణ్ బాబు హైదరాబాదులో గురి కొట్టే క్లబ్బులో చేరి, మూడు నెలలకే మానేసి, రైఫిలు మీద బిగించే దుర్భిణి ఒకటి మేనమామ ఇంట్లో పడేసి పోయాడు. మొన్న షావుకారు దాన్ని చేత్తో పట్టుకుని, “ఏరా యలమందా, దీన్ని నా రివాల్వరుకి బిగిస్తే మంచె మీంచే పందిని కొట్టొచ్చు కదరా?” అన్నాడు. “పంది రాకముందే మీ బరువుకి మంచె కూలుద్దండీ” అన్నాను. నవ్వాడు. నా మాటకి కోప్పడలేదంటే పట్టుదల మీద ఉన్నాడన్నమాట.

ముప్పైయేళ్లు పోలీసుల తుపాకులు బాగుచేసినవాడివి, ఇప్పుడు మీ విశాఖ క్లబ్బులో కూడా అదే పని. ఎలా బిగించాలో, ఏ కొలతో రాయి. మన సలోమోను నిన్ను అడిగానని చెప్పమన్నాడు. ఆరో తరగతిలో నీ పక్క బల్ల మీద నిద్రపోయేవాడే. మా తోటలో కాయలు కోస్తున్నాడు, ఇప్పటికీ వాడు చెట్టెక్కితే కోతులు దిగి దారిస్తున్నాయి. వాడి భార్య లేయా మా షెడ్డులో కాయలకి గడ్డి పేరుస్తోంది.

నీ
యలమంద


విశాఖపట్నం,
ఏప్రిల్ 9.

యలమందా,

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు. మా ఇంట్లో గ్యాసు.

కొలత అడిగావు. వద్దని చెప్పడానికే కొలత చెబుతున్నాను. రైఫిలు దుర్భిణికి కన్ను మూడు నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి. రివాల్వరు చెయ్యి చాచి పట్టుకుంటాం, కన్నుకీ గొట్టానికీ మధ్య మూరెడు దూరం ఉంటుంది. అందుకని చేతి తుపాకుల దుర్భిణికి అద్దాలే వేరు. బయటి దేశాల్లో వాటితో గురిపందేలు ఆడతారు, వేటకీ వెళతారు. దానికి తుపాకి పైభాగాన చిల్లులు వేసి, పట్టీ మరలతో బిగించి, కాగితం మీద పాతిక ముప్పై గుళ్లు కొట్టి సరిచూస్తారు. ప్రతి పేలుడుకీ తుపాకి ఎగిరిపడుతుంది, మరలు వదులవుతాయి. మళ్లీ బిగించాలి, మళ్లీ చూడాలి. అది చందమామ చూసే గొట్టం కాదు.

మీ షావుకారు చేతిలో ఉన్నది రైఫిలు గొట్టం. చెయ్యి చాస్తే అందులో ఏమీ కనిపించదు. కనిపించేంత దగ్గరకు తెచ్చుకుంటే కన్ను పోతుంది. ఆ చిన్న రివాల్వరుకి పంది చావదు, కోపం తెచ్చుకుంటుంది. పైగా లైసెన్సు ఇచ్చింది ఆత్మరక్షణకి. అడవిపందిని కొడితే కేసు. పంది ఉంటే అటవీశాఖ వాళ్లకి అర్జీ పెట్టమను.

ఉంటే అన్నాను. దాన్ని నువ్వు నీ కళ్లతో చూశావా? బడి బావిలో మొసలి ఉందని నువ్వు చెప్పిన రోజు నుంచి నీ జంతువుల మీద నాకు అనుమానం.

జోజిబాబు


నూజివీడు,
ఏప్రిల్ 18.

ఒరేయ్ జోజీ,

నలభైయేళ్ల నాటి మొసలిని ఇంకా మేపుతున్నావా! వదిలెయ్.

నీ ఉత్తరం షావుకారుకి చదివి వినిపించాను. అంతా విని, “మీవాడు భయస్తుడురా” అన్నాడు. మర్నాడు బాపులపాడు నుంచి బోరు మోటార్లు బాగుచేసే చందు వచ్చాడు. నీళ్ల పైపులకి వేసే క్లాంపులు రెండు, మధ్యలో సైకిలు ట్యూబు ముక్క. అరగంటలో దుర్భిణి రివాల్వరు నెత్తినెక్కింది. ఎలక మీద వినాయకుడు కూర్చున్నట్టుంది. చందు కొబ్బరికాయ కూడా కొట్టాడు.

తొలి దెబ్బ ఖాళీ నూనె డబ్బా మీద. చెయ్యి చాస్తే గొట్టంలో పెసరగింజంత వెలుగు తప్ప ఏమీ లేదట. దగ్గరకు తెచ్చాడు. ఇంకా దగ్గరకు తెచ్చాడు. పేల్చాడు. డబ్బా క్షేమం. షావుకారు కనుబొమ మీద మాత్రం తదియ నాటి చంద్రవంకలాగా కోత పడింది. కొట్లో అడిగినవాళ్లకి మామిడి కొమ్మ గీరుకుందని చెబుతున్నాడు. ఇప్పుడు గొట్టం చివర తువ్వాలు చుట్టాడు. మోచెయ్యి మడిచి, తువ్వాల్లో కన్ను పెట్టి చూస్తాడు. నీ క్లబ్బులో ఈ పద్ధతి ఉందా?

ఇంతవరకు నవ్వొచ్చింది. ఆ తర్వాతది రాయాలా వద్దా అనుకున్నాను.

పంది వచ్చేది పొద్దు వాలాక కదా. పగలంతా ఆయనకి తోచదు. అందుకని ఆ గొట్టంలోంచి తోట చూస్తున్నాడు. ఎవరు చెట్టు కింద కూర్చున్నారు, ఎవరు కాయ కొంగులో వేసుకున్నారు, అన్నీ. మొన్న నన్ను పిలిచి, “పొద్దున గట్టు మీద బీడీ కాల్చావు కదరా?” అన్నాడు.

“ఎలా తెలిసిందండీ?”

“నీ చొక్కాకి రెండో బొత్తాం లేదురా. అది కూడా కనపడింది.”

ఇద్దరం నవ్వాం. మంచె దిగి వస్తుంటే మాత్రం వీపు మీద ఏదో పాకినట్టయింది. తూటాలు అందులోనే ఉంటాయి. అది తుపాకి అన్న సంగతి ఆయన మర్చిపోయాడు. లేయా షెడ్డులో తన చోటు మార్చుకుని గడ్డి మోపుల వెనక్కి వెళ్లింది. నిన్న నన్ను ఆపి, “అన్నా, ఆయన చూస్తున్నాడా, గురిపెడుతున్నాడా?” అని అడిగింది. ఆ ప్రశ్న నీకే పంపుతున్నాను.

నీ
యలమంద


విశాఖపట్నం,
ఏప్రిల్ 23.

యలమందా,

లేయా అడిగినదానికి జవాబు ఇది. రెండూ ఒకటే. గొట్టం ఎటు తిరిగితే దాని కింద ఇనుము అటే తిరుగుతుంది. దూరం చూడాలని ఉంటే బైనాక్యులర్ కొనుక్కోమను.

ఇంతవరకు ఎవరికీ చెప్పనిది ఒకటి చెబుతున్నాను. మా ఆవిడకి కూడా తెలియదు.

నేను బెటాలియన్‌లో చేరిన ఆరో ఏడు. కొత్త రైఫిళ్లకి దుర్భిణులు బిగించి సరిచూసే పని నాది. ఎదురుగా బ్యారక్ వరండాలో దేవదానం అని నా ఈడు కానిస్టేబుల్ గడ్డం గీసుకుంటున్నాడు. గోడకి మేకు లేదు. ఎడమచేత్తో అద్దం పట్టుకున్నాడు. గొట్టం తేటగా ఉందో లేదో చూద్దామని అటు తిప్పాను. వాడి గడ్డం మీద సబ్బు నురగలో బుడగలు కూడా కనిపించాయి. ఖాళీ రైఫిలే అనుకున్నాను. విప్పి చూసుకోలేదు. వేలు ఎప్పుడు నొక్కిందో తెలియదు.

అద్దం లేదు. అద్దాన్ని పట్టుకున్న రెండు వేళ్లూ లేవు. దేవదానం సబ్బు ముఖంతో నా వైపే చూస్తూ నిలబడ్డాడు. శుభ్రం చేస్తుండగా ప్రమాదం అని కాగితాల్లో రాశారు. కింద నేనూ సంతకం పెట్టాను. వాడు ఉద్యోగం మానుకుని వాళ్ల ఊరు వెళ్లిపోయాడు. ఈ రోజు వరకు వాడి గుమ్మం తొక్కే ధైర్యం నాకు లేకపోయింది.

మీ తోటలో ఎంతమంది? సలోమోను ఏ చెట్టు మీద ఉంటాడు? ఆలోచించు. ఆ దుర్భిణి ఊడదీయించు.

జోజిబాబు


నూజివీడు,
మే 1.

ఒరేయ్ జోజీ,

నీ దేవదానం నన్ను పట్టుకున్నాడురా. పొద్దున అద్దం ముందు నిలబడితే నా వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాను. నువ్వు ఇన్నాళ్లూ దాన్ని ఎలా మోశావు?

ఊడదీయమని షావుకారుని అడిగాను. “నీకు పందంటే భయంలేదు గానీ నేనంటే భయమా?” అన్నాడు. తూటాలు తీసేద్దామంటే అవి ఆయన చేతిలోనే ఉంటాయి. రోజూ పొద్దున గొట్టం అద్దం తుడవమని నాకిచ్చేటప్పుడు గుళ్లు విప్పి గుప్పిట్లో పెట్టుకుంటాడు. తుడిచాక మళ్లీ నింపుకుంటాడు.

కానీ నా బుర్ర ఇంకా పనిచేస్తోంది. నిన్న తుడిచేటప్పుడు చందు బిగించిన మరలు ఒక్కోటీ రెండు చుట్లు వదులు చేశాను. గొట్టం ఇప్పుడు పాలపన్నులా కదులుతోంది. తువ్వాలు చాటున ఆయనకి తెలియదు. ఇక ఆయన ఎవరిని గురిపెట్టినా పక్కనున్న తాటిచెట్టుకి తగులుద్ది. పని అయిపోయింది. నిశ్చింతగా పడుకో.

నీ
యలమంద


విశాఖపట్నం,
మే 5.

యలమందా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఇది స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

మర వదులు చేస్తే తుపాకి చెడిపోదురా మూర్ఖుడా. తూటా వస్తూనే ఉంటుంది. అది ఎటు పోతుందో కొట్టేవాడికి కూడా తెలియదు, అంతే తేడా. పందిని గురిపెడితే మనిషికి తగలొచ్చు. మనిషిని గురిపెడితే వాడి పక్కవాడికి తగలొచ్చు. నువ్వు ఎవరినీ కాపాడలేదు. తోటలో వాళ్లందరి పేర్లూ చీట్లు వేసి లాటరీ పెట్టావు.

ఏప్రిల్లో నేనొకటి అడిగాను. రెండు ఉత్తరాలు రాశావు, దానికి జవాబు లేదు. పందిని చూశావా లేదా?

చూడకపోతే ఇది అందిన నిమిషం వెళ్లి చెప్పు.

జోజిబాబు


నూజివీడు,
మే 8.

జోజీ,

నీ ఉత్తరం ఈ మధ్యాహ్నం వచ్చింది. నిన్న రావాల్సింది.

నిన్న సాయంత్రం కోతవాళ్లందరూ వెళ్లిపోయారు. మూలనున్న కలెక్టరు మామిడి చెట్టు కింద రాలినకాయలు ఏరడానికి సలోమోను ఆగాడు. ఆ చెట్టు నిండా ఎర్రచీమలు. అందుకని మనవాళ్లు చేసినట్టే గోనెసంచి ఒక మూలలోకి ఇంకో మూల దోపి, తలమీంచి నడుం దాకా కప్పుకున్నాడు. కొమ్మలు నేలకి దిగి ఉంటాయి కదా, చేతులూ మోకాళ్ల మీద పాకుతూ ఏరుతున్నాడు. నేను మంచె కింద షావుకారుకి టీ పెడుతున్నాను.

పైనుంచి ఆయన గొంతు తగ్గించి, “యలమందా, వచ్చిందిరా” అన్నాడు.

వచ్చేదేమీ లేదని ఈ భూమ్మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే జోజీ. అటు చూశాను. గోనె కదులుతోంది. అది ఎవరో నాకు తెలుసు. “అండీ” అన్నాను. పేలింది.

సలోమోను వీపు మీద పచ్చికాయ ఒకటి, కొంచెం బెరడు పడ్డాయి. వాడు గోనెతోనే లేచి నిలబడి, “ఎవర్రా రాళ్లేసేది?” అన్నాడు. తూటా వాడి తలకి జానెడు పైన కొమ్మలో దిగింది. నేను చేత్తో కొలిచాను. జానెడే.

లేయా షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చింది. షావుకారు మంచె దిగేటప్పటికి ముఖాన నెత్తురు లేదు. అందరి ముందూ నా భుజం పట్టుకుని, “పంది కదరా? ఆ పక్కనే ఉంది కదరా? నువ్వు చూశావు కదరా?” అన్నాడు. సలోమోను నా వైపు చూశాడు. లేయా చూసింది.

నేను తల ఊపాను.

పంది లేదు. ఎప్పుడూ లేదు. ఫిబ్రవరిలో షావుకారు తోట చుట్టూ సీసీ కెమెరాలు పెట్టిస్తానన్నాడు. “కెమెరా బీడీ తాగదు, కునుకు తియ్యదు, ఎదురు మాట్లాడదు” అన్నాడు. ఏభైయేళ్లు వచ్చాక నన్ను ఎవరు పనిలో పెట్టుకుంటారు? కెమెరా పందిని తరమలేదు కదా అనిపించింది. మామిడి చెక్క మీద రెండు గిట్టలు చెక్కాను. పొద్దున్నే తడినేల మీద అద్దేవాణ్ణి. అంట్ల మొదళ్లు గడ్డపారతో నేనే తవ్వాను. వారం నవ్వుకున్నాను. ఆ తర్వాత దాన్ని ఎలా చంపాలో తెలియలేదు.

ఇంకా అయిపోలేదు. సలోమోనుకి ఏమీ కాలేదని తేలాక షావుకారు గొట్టం కదులుతోందని కనిపెట్టాడు. ఆదివారం చందుని రమ్మన్నాడు, గట్టిగా బిగించడానికి. “ఈసారి తప్పదురా” అంటున్నాడు.

ఏం చెయ్యమంటావు?

యలమంద


నూజివీడు,
మే 15.

జోజీ,

శనివారం సాయంత్రం సుసన్నా ఫోను నుంచి మెసేజ్ వచ్చింది. ‘ముందు సలోమోనుకి చెప్పు.’ అంతే. నీ కూతురికి అన్నీ తెలిసినట్టే. తెలియనీ.

చెక్కగిట్టలు సంచిలో వేసుకుని వాళ్లింటికి వెళ్లాను. దారిలో నాలుగు అబద్ధాలు తయారయ్యాయి. ఒకదానికంటే ఒకటి బాగున్నాయి. గుమ్మంలోకి వెళ్లాక మాత్రం గిట్టలు తీసి సలోమోను చేతిలో పెట్టాను. వాడు అటూ ఇటూ తిప్పి చూశాడు. వాకిట్లో తడినేల మీద ఒకసారి అద్దాడు. అడుగు పడింది.

“బాగా చెక్కావురా” అన్నాడు.

తిడితే బాగుండేది. కొడితే ఇంకా బాగుండేది. లేయా తలుపు పట్టుకుని నిలబడి ఉంది. “అన్నా, ఆ రోజు కాయలు ఏరాల్సింది నేను. గోనె నాదే. నాకు చెయ్యి వాచిందని ఆయన వెళ్లాడు” అంది. “నీకు అక్కడున్నది ఆయనేనని తెలుసు. అయినా తల ఊపావు.” లోపలికి వెళ్లిపోయింది. టీ ఇవ్వలేదు. ఆ ఇంట్లో నాకు టీ ఇవ్వకపోవడం ఇదే మొదలు.

మర్నాడు సలోమోనే నాతో షావుకారు ఇంటికి వచ్చాడు. ఆదివారం పొద్దున్నే. చందు అప్పటికే స్క్రూడ్రైవర్లు పరిచి కూర్చున్నాడు. నేను చెప్పాను. రాఘవయ్య గారు సలోమోను వైపు తిరిగాడు.

“అయితే ఆ రోజు గొట్టంలో నేను చూసింది…”

“నన్నేనండీ” అన్నాడు సలోమోను.

ఆయన అరుగు మీద కూర్చున్నాడు. కనుబొమ మీద ఆ చంద్రవంక తడుముకున్నాడు. తర్వాత లేచి, క్లాంపులు తనే విప్పి, దుర్భిణి చందుకి ఇచ్చేశాడు. రివాల్వరు, తూటాలు సంచిలో పెట్టుకుని, సలోమోనుని వెంటబెట్టుకుని స్టేషనుకి వెళ్లి జరిగింది చెప్పి అప్పగించి వచ్చాడు. కేసు పెడతారో లేదో ఇంకా తెలియదు. వెళ్లేముందు నా వైపు చూడకుండానే, “నువ్వు రేపట్నుంచి రావద్దు” అన్నాడు. కెమెరాలు వచ్చేశాయి. ఎనిమిది. బీడీ తాగవు.

సలోమోను కోతకి వెళుతున్నాడు. గోనె మాత్రం కప్పుకోవడంలేదు. మెడ నిండా చీమకాట్లు. నేను చూస్తే చొక్కా కాలరు పైకి లాక్కుంటున్నాడు.

ఇంకొక్క మాట, కోపం తెచ్చుకోకు. నేను చెప్పి బతికాను, బాగా కాకపోయినా బతికాను. నువ్వు కూడా దేవదానం దగ్గరకు వెళ్లు. ఇన్నేళ్లయినా వెళ్లు. నాకిప్పుడు పనేమీ లేదు, నీకు తోడు వస్తాను. గుమ్మం దాకా నేను ముందు నడుస్తాను. వాళ్ల ఊరేదో రాయి.

యలమంద


విశాఖపట్నం,
మే 22.

ఒరేయ్ యలమందా,

ఈ ఉత్తరంతో పాటు చిన్న పొట్లం పంపుతున్నాను. మా క్లబ్బులో గుళ్లు కాల్చేటప్పుడు ఎగరేసే ఎర్రజెండా గుడ్డ కొంత మిగిలింది. మెడ కూడా కప్పేలా మా ఆవిడ దాన్ని టోపీగా కుట్టింది. సలోమోనుకి ఇవ్వు. చీమలూ కుట్టవు, ఎంత దూరం నుంచి చూసినా మనిషని తెలుస్తుంది. పొట్లం లేయా చేతికి ఇవ్వు. ఇచ్చి వెంటనే వచ్చెయ్, టీ కోసం చూడకు.

తోడు వస్తానన్నావు. ఇంతవరకు నన్ను ఎవరూ అలా అడగలేదు. నువ్వు అడుగుతావని నేను అనుకోలేదు.

నీకు రూలు చెబితే నవ్వుతావు. కొలతలు చెబితే షావుకారుకి చదివి వినిపించి ఇద్దరూ కలిసి నవ్వారు. కానీ కథకి నువ్వు భయపడతావు. బావిలో మొసలి ఉందని చెప్పిన మర్నాటి నుంచి మూడు రోజులు బడికి వేరే దారిన వచ్చింది నువ్వొక్కడివే. నీ మొసలికి నువ్వే భయపడ్డావు. ఏప్రిల్లో నాకు అది గుర్తొచ్చింది. నా కథకి భయపడి నువ్వు తిన్నగా వెళ్లి నిజం చెబుతావనుకున్నాను. మరలు వదులు చేస్తావనుకోలేదు. కాబట్టి ఆ లాటరీలో చీట్లు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

చెవులు పోయింది నిజం. ముప్పైయేళ్లు ప్రతి తుపాకీ విప్పి చూసుకున్నదీ నిజం. అద్దం కూడా ఉంది, నేను రోజూ గడ్డం గీసుకునే అద్దమే. ఇక ఇందుమూలముగా నీకు తెలియజేయునది ఏమనగా, దేవదానం అనే కానిస్టేబుల్ మా బెటాలియన్‌లో ఎప్పుడూ లేడు. ఆ సబ్బు నురగ, ఆ రెండు వేళ్లు, ఆ సంతకం, అన్నీ వంటింట్లో కూర్చుని నేనే కల్పించాను.

జోజి